రెండూ ఒకటేనా? సమితుల పాఠం, సాఫ్ట్‌వేర్ పని

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నువ్వు చేసే పనేమిటో అందరికీ అర్థమయ్యేలా ఇరవై నిమిషాల్లో చెప్పు" అని నిర్వాహకులు అడిగారు. ముప్పై ఏళ్లుగా మా ఇంట్లోవాళ్లకే నేను చెప్పలేకపోయిన సంగతి అది. అయినా ఒప్పుకున్నానంటే ఒక ధైర్యం ఉంది. నా పనికి పునాది ఎక్కడో అమెరికాలో లేదు. మనందరం ఈ గదుల్లో కూర్చుని చదువుకున్న సమితుల పాఠంలో ఉంది. సమితి, మూలకం, ఉపసమితి, సమ్మేళనం, ఛేదనం. మాటలు గుర్తున్నాయి కదా? ముందు వరసలో మా లెక్కల సారు నవ్వుతున్నారు, అంటే ఆయనకు గుర్తున్నాయి.

ముందు నా పని సంగతి. పెళ్లికి గంగాళాలు, కుర్చీలు, షామియానాలు ఎవరూ కొనరు. టెంట్‌హౌస్ నుంచి తెచ్చుకుంటారు. ప్రోగ్రాం రాసేవాళ్లకూ అలాంటి టెంట్‌హౌస్ ఒకటి ఉంటుంది. దాన్ని కలెక్షన్స్ లైబ్రరీ అంటాం. వస్తువులను వరసగా పేర్చుకోవడానికి లిస్ట్, ఒక్కోటి ఒక్కసారే ఉండేలా దాచుకోవడానికి సెట్, పేరు చెబితే వివరం ఇవ్వడానికి మ్యాప్. వీటిని ప్రతి ప్రోగ్రామరూ మళ్లీ మళ్లీ తయారు చేసుకోనక్కర్లేదు. ఎవరో ఒకరు ఒక్కసారి బాగా చేసిపెడితే లక్షల మంది వాడుకుంటారు. అలా చేసిపెట్టే పనిలో కొన్నేళ్లు గడిపాను.

ఇందులో సెట్ అంటే మన సమితే. పోలిక కోసం అంటున్న మాట కాదు ఇది. జావా భాష 1996లో బయటకు వచ్చినప్పుడు దానిలో ఇలాంటి సామాను చాలా తక్కువ. 1998 డిసెంబరులో వచ్చిన కూర్పులో జాషువా బ్లాక్ అనే ఇంజనీరు రూపొందించిన కలెక్షన్స్ చేరాయి. అందులో సెట్‌కు ఇచ్చిన వివరణలోనే, ఇది గణితంలోని సమితికి నమూనా అని రాసి ఉంటుంది.

అంతకు ముప్పై ఏళ్ల ముందే ఇంకొకాయన ఇంకా ముందుకు వెళ్లాడు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలోని కూరాంట్ ఇన్‌స్టిట్యూట్‌లో జాక్ ష్వార్ట్జ్ అనే గణితవేత్త 1960ల చివర సెటెల్ అనే భాషను మొదలుపెట్టాడు. సమితి అందులో ఏదో ఒక మూల ఉండే వస్తువు కాదు, మొత్తం భాషే సమితుల మీద నిలబడింది. గణితంలో ఎలా ఆలోచిస్తామో అలాగే ప్రోగ్రాం రాయాలని ఆయన పట్టుదల. వేగంలో మాత్రం అది నత్త. అయితేనేం, ఏడా అనే భాషకు పరీక్ష నెగ్గిన మొట్టమొదటి అనువాదకం 1983లో వచ్చింది ఈ సెటెల్‌లోనే. ఆ బృందంతో కొంతకాలం పనిచేసి వెళ్లిన లాంబర్ట్ మీర్టెన్స్ నెదర్లాండ్స్‌లో ఏబీసీ అనే భాష తయారీలో ముఖ్యుడయ్యాడు. ఆ ఏబీసీ మీద పనిచేసిన గీడో వాన్ రోసమ్ తర్వాత పైథాన్ చేశాడు. ఇప్పుడు మీ పిల్లలు, మనవలు బడిలో నేర్చుకుంటున్న పైథాన్ అదే. "సరిసంఖ్య అయ్యే ప్రతి సంఖ్య, అది వందలోపు ఉండాలి" అని మనం సమితి నిర్మాణ రూపంలో రాసేవాళ్లం. పైథాన్‌లో దాదాపు అదే వాక్యం రాస్తే చాలు, కంప్యూటరు చేసిపెడుతుంది. పదో తరగతిలో ఎందుకొచ్చిన చదువురా అనుకున్నవాళ్లకు ఈ కబురు.

మరి గణితంలో అంత శుభ్రంగా ఉన్న సమితిని యంత్రంలోకి దించడంలో కష్టమేమిటి? చాలా ఉంది. కొన్ని తేలికవి ముందు చెబుతాను.

సమితిలో వరస లేదు. ఒకటి, రెండు, మూడు అన్నా, మూడు, ఒకటి, రెండు అన్నా ఒకటే సమితి. మన హాజరు పట్టీ లిస్ట్, ఎందుకంటే దానికి రోల్ నంబర్ల వరస ఉంది. తరగతి మాత్రం సమితి. కానీ యంత్రం ఏదో ఒక వరసలోనే చూపించగలదు. చూపించిన వరసను జనం నమ్ముకుంటారు, ఎప్పుడో అది మారితే ప్రోగ్రాం కూలుతుంది. 2017లో జావా వాళ్లు దీనికి ఒక గడుసు మందు వేశారు. కొత్తగా చేర్చిన మార్పులేని సెట్లలో ప్రోగ్రాం నడిపిన ప్రతిసారీ వరస కావాలనే మారిపోయేలా చేశారు. నమ్ముకోవద్దు అని నోటితో చెప్పే బదులు, నమ్ముకునే వీలే లేకుండా చేశారన్నమాట. నాకు నచ్చిన పని.

శూన్య సమితి సంగతి ఉపాధ్యాయులకు చెప్పనక్కర్లేదు. మార్కుల రిజిస్టరులో 0 వేరు, పరీక్షకు రాలేదని రాసే ఏబీ వేరు. "ఈ ఖాతాదారుకు ఏయే బాకీలున్నాయి?" అని అడిగితే శూన్య సమితి వస్తే బాకీల్లేవని అర్థం. జవాబే రాకపోతే తెలియదని అర్థం. ఈ రెంటినీ కలిపేసే లైబ్రరీలు చాలా చూశాను.

పూరక సమితి ఇంకో తంటా. విశ్వ సమితి ఏదో చెప్పకుండా పూరకం అడగకూడదని సారు ఎన్నిసార్లు చెప్పేవారో! జావాలో గానీ పైథాన్‌లో గానీ సెట్‌కు పూరకం ఇచ్చే ఏర్పాటు లేకపోవడానికి కారణం అదే. మేము మా లైబ్రరీలో సమితులను రెండు రకాలుగా విడగొట్టాం. "నువ్వు ఇందులో ఉన్నావా?" అంటే అవునో కాదో చెప్పగలిగేది ఒకటి. మూలకాలన్నీ ఒక్కొక్కటిగా బయటపెట్టగలిగేది రెండోది. సరిసంఖ్యలన్నిటి సమితి మొదటి రకం. దాన్ని ఏమైనా అడగవచ్చు, అచ్చు వేయమనకూడదు. మొదటి రకానికి పూరకం తీయడం పిల్లాట: అవునంటే కాదు, కాదంటే అవును.

ఇక అసలు కష్టం. దీనికోసం కాస్త వెనక్కి, జర్మనీకి వెళ్లాలి. 1895లో గెయోర్గ్ కాంటర్ సమితికి ఇచ్చిన నిర్వచనంలో రెండు షరతులున్నాయి. వస్తువులు నిశ్చితంగా ఉండాలి. ఒకదాన్నుంచి ఇంకొకదాన్ని స్పష్టంగా వేరుచేయగలగాలి. మన పాఠంలోని "సునిర్వచిత వస్తువుల సముదాయం" అనే మాటలో మొదటి షరతు బలంగా వినిపిస్తుంది. రెండోది కొంచెం కిందికి జారింది.

మొదటిదానికి ఉదాహరణ మన వీధుల్లోనే ఉంది. తార్నాకలోని ఫ్లాట్ల సమితి రాయండి చూద్దాం. అమ్మేవాళ్ల ప్రకటనలు చదివితే లాలాపేట తార్నాకే, హబ్సిగూడ తార్నాకే, నాచారంలో సగం తార్నాకే. ఇది సునిర్వచితం కాదు. "ఉస్మానియా విశ్వవిద్యాలయ కళాశాలలు" అంటే సునిర్వచితం, కాకపోతే జాగ్రత్తగా గీయాలి. రెండు వృత్తాలు వేసుకోండి. ఒకటి ఉస్మానియాకు చెందినవి, రెండోది ఈ క్యాంపస్ ప్రాంతంలో ఉన్నవి. ఇంజనీరింగ్ కాలేజీ, ఆర్ట్స్ కాలేజీ రెండు వృత్తాలూ కలిసేచోట పడతాయి. నిజాం కాలేజీ ఉస్మానియాదే, ఉన్నది మాత్రం బషీర్‌బాగ్‌లో. ఇఫ్లూ మనం క్యాంపస్‌లో భాగమే అనుకుంటూ దాటిపోతుంటాం, అది వేరే విశ్వవిద్యాలయం. ఛేదనం, భేదం రెండూ ఒక్క బొమ్మలో వచ్చేశాయి.

రెండో షరతు, అంటే ఇది అది ఒకటేనా వేర్వేరా అనేది, లైబ్రరీ చేసేవాడి ప్రాణం తీస్తుంది. సెట్‌లో ఒక్కోటి ఒక్కసారే ఉండాలి కదా. కొత్తగా వచ్చినదాన్ని చేర్చుకోవాలా, ముందే ఉందని వదిలేయాలా? దీనికి ఒకటే అంటే ఏమిటో యంత్రానికి చెప్పాలి.

జావాలో అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. దశాంశాలను నిక్కచ్చిగా దాచే రకం ఒకటి ఉంది. అందులో 2.0, 2.00 రెండూ వేసి హ్యాష్‌సెట్‌లో పెట్టండి. రెండు మూలకాలు ఉన్నాయంటుంది. అవే రెండు ట్రీసెట్‌లో పెట్టండి. ఒకటే ఉందంటుంది. రెండూ ఒకే టెంట్‌హౌస్ సరుకు, రెంటి పేరూ సెట్టే! మొదటిది రాసిన తీరు కూడా చూస్తుంది, రెండోది విలువ మాత్రమే చూస్తుంది. ఇది పొరపాటున జరిగింది కాదు, ఇలా జరుగుతుందని వాళ్ల పత్రాల్లోనే హెచ్చరిక ఉంది. ఏది సరైనది అంటే రెండూ సరైనవే. రెండు సెంటీమీటర్లు అని కొలిచినవాడూ, రెండు దశాంశ స్థానాల దాకా కొలిచినవాడూ ఒకే మాట చెప్పారా? కొలత పుస్తకం రాసే సైన్సు టీచరు కాదంటారు, కూరగాయలమ్మ అవునంటుంది.

నా అభిప్రాయంలో జావా సెట్‌లోని అసలు లోటు ఇక్కడే ఉంది. ఏ లెక్కన ఒకటి అనే నియమం సెట్‌ను చూస్తే బయటకు కనిపించదు. వస్తువులోనో, సెట్ లోపలో దాక్కుని ఉంటుంది. రెండు వేర్వేరు నియమాల సెట్లను సమ్మేళనం చేస్తే జవాబు ఏ నియమం ప్రకారం వచ్చిందో రాసినవాడికే తెలియదు.

మా బృందానికి పని పడింది సరిగ్గా అక్కడే. చాలా చోట్ల నుంచి వచ్చే ఖాతాదారుల జాబితాలను కలపడం మా రోజువారీ పని. అందుకని మేము సొంతంగా ఒక చిన్న లైబ్రరీ రాసుకున్నాం. దాని మొదటి నియమం: సమితిని తయారు చేసేటప్పుడే ఒకటి అంటే ఏమిటో చెప్పాలి. చెప్పకపోతే సమితి తయారు కాదు. నియమాలు వేరైన రెండు సమితులను కలపబోతే ప్రోగ్రాం నడవడం కాదు, అసలు కంపైలే కాదు. కుర్ర ఇంజనీర్లు "ఇంత టైపు చేయాలా సార్" అని గొణిగారు. గొణగనివ్వండి, చేయాలి.

ఆ నియమాన్ని ఎలా రాయించాలన్నది నెల రోజుల వాదన. రెండు వస్తువులను ఇస్తే అవునో కాదో చెప్పే పోలికగా రాయించడం ఒక పద్ధతి. దీంతో చిక్కేమిటంటే, తుల్య సంబంధానికి మూడు ధర్మాలు ఉండాలని చదువుకున్నాం: పరావర్తనం, సౌష్ఠవం, సంక్రమణం. ఏదైనా తనకు తాను సమానం. ఇది దానికి సమానమైతే అదీ దీనికి సమానం. ఇది దానికి, అది ఇంకొకదానికి సమానమైతే ఇదీ ఆ ఇంకొకదానికి సమానం. ప్రోగ్రామరు రాసిన పోలికలో ఈ మూడూ ఉన్నాయని కంపైలరు చూసి చెప్పలేదు.

దారి సమితుల పక్క పాఠంలో దొరికింది, ప్రమేయాల్లో. పోలికను రాయనివ్వలేదు. "ప్రతి వస్తువు నుంచి ఒక గుర్తును తీసి ఇవ్వు" అన్నాం. గుర్తులు ఒకటైతే వస్తువులు ఒకటి. అంతే. ఇలా చేస్తే ఆ మూడు ధర్మాలూ ఎవరూ పరీక్షించకుండానే వాటంతట అవే వచ్చేస్తాయి. ఎందుకంటే గుర్తుల సమానత్వానికి అవి ముందే ఉన్నాయి. 2.0నూ 2.00నూ ఒకటిగా చూడాలంటే విలువను గుర్తుగా ఇవ్వు, వేరుగా చూడాలంటే రాతను గుర్తుగా ఇవ్వు. ఏది ఇచ్చావో అందరికీ కనిపిస్తుంది. ఇందులో మేము కనిపెట్టింది ఏమీ లేదు, గణితంలో పాత సంగతే. దాన్ని తప్పించుకునే వీల్లేకుండా లైబ్రరీలో బిగించడం మాత్రమే మా పని.

ఇంకో షరతూ పెట్టాం. సమితిలో చేరాక గుర్తు మారకూడదు. ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి పేజీలు వేసిన రిజిస్టరు ఊహించుకోండి. ఒకమ్మాయి పేరు "క" పేజీలో రాశాం. పెళ్లయ్యాక ఎవరో ఆ పేజీలోనే ఇంటిపేరు కొట్టేసి "వ"తో మొదలయ్యేది రాశారు. ఇప్పుడు ఆమె కోసం "వ" పేజీ తెరిస్తే లేదు. "క" పేజీ ఎవరూ తెరవరు. మనిషి రిజిస్టరులోనే ఉంది, ఎవరికీ దొరకదు. హ్యాష్‌సెట్‌లో పెట్టిన వస్తువును తర్వాత మారిస్తే అచ్చంగా ఇదే జరుగుతుంది. గణితంలో సమితి మారదు. కొత్త మూలకం చేరిస్తే అది కొత్త సమితి. మేమూ అలాగే చేశాం.

లైబ్రరీ నాలుగు బృందాలు వాడుకోవడం మొదలుపెట్టాక ఒక కోరిక వచ్చింది. "పేర్లలో చిన్నచిన్న తేడాలుంటాయి కదా, నూటికి తొంభై పాళ్లు కలిస్తే ఒకటే అనుకునేలా ఒక సమితి ఇవ్వండి" అని. వినడానికి చాలా న్యాయంగా ఉంది. కుదరదన్నాం. పై అధికారుల దాకా వెళ్లింది. నేను తెల్ల బోర్డు మీద మూడు పేర్లు రాశాను: రమ, రామ, రాము. రమకూ రామకూ ఒక్క దీర్ఘం తేడా. రామకూ రాముకూ ఒక్క కొమ్ము తేడా. దగ్గరివన్నీ ఒకటే అంటే రమ, రామ ఒకటి. రామ, రాము ఒకటి. కాబట్టి రమ, రాము ఒకటి! ఆడమనిషి మగమనిషి అయిపోయింది, ఆమె బాకీ ఇతని ఖాతాలో పడింది. దగ్గరితనానికి సంక్రమణ ధర్మం లేదు. దాన్ని ఏ గుర్తుగానూ మార్చలేం. పోలి ఉండటం వేరు, ఒకటి కావడం వేరు.

చివరికి వాళ్లకు ఇచ్చింది వేరే పనిముట్టు. అది సమితిని ఇవ్వదు, అనుమానపు జంటలను ఇస్తుంది. "ఈ ఇద్దరూ ఒకరేమో చూడండి" అంటుంది. చూడాల్సింది మనిషి. పని కొంచెం ఆలస్యమవుతుంది, కొందరికి నచ్చలేదు.

ఇదంతా కంప్యూటరు వాళ్ల చాదస్తం అనుకునేవాళ్ల కోసం మన రాష్ట్రం సంగతే చెబుతాను. తెలంగాణలో వేర్వేరు శాఖల వివరాలను కంప్యూటరుతో కలిపి, ఎవరు ఎవరో పోల్చి చూసే సమగ్ర వేదిక అనే వ్యవస్థ ఉంది. సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయని, ఇళ్లకు వెళ్లి విచారించకుండా కంప్యూటరు లెక్కతో తీసేశారని కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022లో కోర్టు, క్షేత్రస్థాయిలో మళ్లీ విచారణ చేయమంది. తీసేసినవాటిలో అనర్హులవి లేవని నేననడం లేదు, ఉండే ఉంటాయి. కానీ పత్రికల్లో వచ్చిన ఒక ఉదంతం నన్ను వదల్లేదు. రిక్షా తొక్కి బతికిన ఒకాయన పేరూ, కారున్న వేరొకాయన పేరూ పోలి ఉన్నాయి. యంత్రం ఇద్దరినీ ఒకటి చేసింది. కారున్న ఇంటికి రేషనెందుకంది. ఆ పేద ఇంటికి బియ్యం రాలేదు.

రమ, రామ, రాము. అంతే. ఆ ప్రోగ్రాం రాసినవాళ్లు చెడ్డవాళ్లని నేననుకోను. వాళ్ల చేతికి అందిన పనిముట్టులో ఒకటి, దగ్గర అనే రెండు మాటలు వేరువేరుగా ఉన్నాయో లేదో నాకు తెలియాలనిపించింది. పనిముట్టు చేసేవాడు అడగాల్సిన ప్రశ్న అది. వాడేవాడికి తీరిక ఉండదు.

ఇప్పుడు మన సంఘం సంగతి. స్వర్ణోత్సవాలకు పూర్వ విద్యార్థుల పేర్లన్నీ ఒకచోట చేర్చాలని మూడు జాబితాలు నా చేతిలో పెట్టారు. పాత సభ్యత్వ పుస్తకం, బ్యాచ్‌ల వారీగా వాట్సాప్ గ్రూపుల పేర్లు, చందా రసీదులు. సమ్మేళనం తీసి ఇవ్వు, నీ పనే కదా అన్నారు. తీరా చూస్తే ఒకే ఏడాది, ఒకే సెక్షన్, ఒకే ఇనీషియల్, ఇద్దరు శ్రీనివాసులు. మన తరంలో ప్రతి సెక్షన్‌కూ ముగ్గురు శ్రీనివాసులు, ఇద్దరు లక్ష్ములు ఉండేవారు కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు. ఇటుపక్క ఒకే మనిషి రెండు ఇంటిపేర్లతో రెండుసార్లు ఉంది. ఫోన్ నంబరును గుర్తుగా తీసుకుందామంటే, భార్యాభర్తలిద్దరూ ఇక్కడే చదివి ఒకే నంబరు ఇచ్చినవాళ్లున్నారు. పుట్టినరోజంటారా? బడిలో చేర్చిన రోజు మా తాతగారు చెప్పిన తేదీకీ నిజానికీ సంబంధం లేదు. మీలో చాలామందిదీ అదే కథ.

చివరకు దారి చూపింది ఆఫీసు గదిలోని పాత అడ్మిషన్ రిజిస్టరు. ప్రతి పిల్లవాడికీ చేరిన రోజు ఒక నంబరు వేశారు, దాన్ని ఇంకొకరికి ఇవ్వలేదు, మధ్యలో మార్చలేదు. కాంటర్ అడిగిన రెండో షరతును ఇంకు పెన్నుతో తీర్చేశారు. నేను బృందంతో నెల రోజులు వాదించి సాధించినదాన్ని మన గుమాస్తా సారు రోజూ చేస్తూ ఉండేవారు.

అందుచేత నా మనవి. బయట వరండాలో జాబితా అంటించాం. మీ పేరు ఎదురుగా అడ్మిషన్ నంబరు రాయండి. అది మీ టీసీ మీద ఉంటుంది. టీసీ దొరక్కపోతే చేరిన ఏడాది, తండ్రిగారి పేరు రాయండి, రిజిస్టరులో వెతికి పెడతాం. నంబరు లేని పేర్లను నేను కలపలేదు, కొట్టేయలేదు, అనుమానపు జంటలను ఎర్ర పెన్సిలుతో గీసి వదిలేశాను. మీ పేరు రెండుసార్లు కనబడితే తీరిక ఉన్నప్పుడు చెప్పండి. ఒక్కసారీ కనబడకపోతే మాత్రం భోజనాలకు వెళ్లకముందే చెప్పండి.

సెలవు.